మిరుగం వానకు రాలిన రాణి

మృగశిర కార్తె, అదే మిరుగం, వస్తోందంటే సికింద్రాబాదులో అందరి చూపూ మబ్బుల మీదే. చేపమందు కోసం నాంపల్లి దారి పట్టేవాళ్లు పడతారు, ఆఖరి మామిడిపండ్ల కోసం మోండా మార్కెట్టుకు పోయేవాళ్లు పోతారు. నేలను చూసేవాళ్లు తక్కువ. మిరుగం రోజుల్లో పడ్డ తొలి గట్టివాన మట్టిలోకి ఇంకి, మర్నాడో ఆ మర్నాడో సాయంత్రం గాలి కదలక ఉక్కపోసినప్పుడు, ఏడాదిలో కొద్దిసార్లే జరిగే ఒక పెద్ద ప్రయాణం మన కాళ్ల కిందనుంచే మొదలవుతుంది. వారాల తరబడి పుట్టలో ఎదురుచూసిన రెక్కల చీమలు బయటికొచ్చి, గోడల అంచులూ గడ్డిపోచల చివరలూ ఎక్కి గాల్లోకి లేస్తాయి. బొల్లారం, తిరుమలగిరి, మారేడ్‌పల్లి, సైనిక్‌పురి లాంటి చోట్ల, పాత చెట్లూ కాస్త ఉత్త మట్టీ ఇంకా మిగిలిన కాంపౌండ్లలో, ఆ సాయంత్రం వీధిదీపం కింద కాసేపు నిలబడితే చాలు.

దీపం చుట్టూ మూగే రెక్కల పురుగులన్నిటినీ మనం ఉసిళ్లు అనేస్తాం. చాలామటుకు అవి ఉసిళ్లే, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. పల్లెల్లో వాటిని పట్టి వేయించుకు తినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటి మధ్యనే చీమలూ ఉంటాయి. తేడా పట్టుకోవడం కష్టం కాదు. చెదపురుగుకు నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము మందం, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. నడుము పోగంత సన్నం. మీసాలు మధ్యలో వంగి ఉంటాయి. ఒక్కసారి ఈ మూడు గుర్తులూ చూసిన పిల్లవాడు మళ్లీ పొరబడడు.

ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో పెట్టి, నాలుగు గడ్డిపోచలు వేసి, బడిసంచిలో దాచుకున్న తరం ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయింది. ఆ ఎర్రని మఖమలు పురుగులకు ఏం కావాలో అప్పట్లో పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు వాళ్ల మనవల్లో కొందరు అగ్గిపెట్టె బదులు టెస్ట్‌ట్యూబ్ పట్టుకుని, వాన వెలిసిన సాయంత్రాల్లో రాణి చీమ కోసం వెతుకుతున్నారు. దొరికిన రాణిని ఇంట్లో ఉంచి, ఒంటరి చీమ నుంచి ఒక పుట్ట ఎలా పుడుతుందో కళ్లారా చూడాలని వాళ్ల కోరిక. ఇంట్లో పెద్దవాళ్లు మొదట చీదరించుకోవచ్చు. చీదరించుకోనక్కర్లేదు. జాగ్రత్తగా చేస్తే ఇంతకన్నా చవకైన, లోతైన ప్రకృతి పాఠం మరొకటి లేదు. తెలియక చేస్తే మాత్రం ఒక జీవి ఊరికే చచ్చిపోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ రాణి ఎవరో తెలియాలి. రెక్కలతో ఎగిరిన చీమల్లో చిన్న తల, సన్నని ఒళ్లు ఉన్నవి మగవి. ఆ ఎగురుడుతోనే వాటి బతుకు సరి. ఒకటి రెండు రోజుల్లో దీపాల కింద రాలిపోతాయి. ఆడవి దిట్టంగా ఉంటాయి. గాలిలోనో, దిగిన చోటో మగచీమతో కలిసిన ఆడచీమ ఆ కొద్దిపాటి కలయికలో అందుకున్న బీజాన్ని ఒంట్లోని చిన్న సంచిలో దాచుకుంటుంది. జీవితాంతం పెట్టబోయే గుడ్లకు అదే పెట్టుబడి. మళ్లీ మగచీమ మొహం చూడదు. నేలకు దిగగానే తన రెక్కల్ని తనే విరిచి పడేస్తుంది. ఆ పైన చోటు కోసం పరుగు. ఈ పరుగులోనే ఎక్కువ రాణులు పోతాయి. కాకులు, గోరింకలు, తొండలు, బల్లులు, కప్పలు ఆ సాయంత్రం కడుపునిండా తింటాయి. వేరే పుట్టల చీమలు కనిపించిన రాణినల్లా చుట్టుముట్టి చంపుతాయి. ఊళ్లో వీటికి తోడు బండి చక్రాలు, దూరడానికి సందివ్వని సిమెంటు. వేలకొద్దీ లేచిన వాటిలో పుట్ట పెట్టేదాకా బతికేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రోడ్డు నడిమధ్య నుంచి ఒక రాణిని తీస్తే పుట్టకు జరిగే నష్టం పెద్దది కాదని ధైర్యంగా చెప్పగలిగేది ఈ లెక్క వల్లనే.

అయితే ఒంటరిగా పరుగెత్తే ప్రతి పెద్ద చీమా రాణి కాదు. మన ఊళ్లో ఎక్కువగా కనిపించే నల్ల గండుచీమ సంగతే చూద్దాం. శాస్త్రజ్ఞులు కాంపొనోటస్ కంప్రెసస్ అని పిలిచే ఈ చీమకు ఆ పేరు పెట్టింది ఫాబ్రీసియస్ అనే డెన్మార్క్ పండితుడు, 1787లో, అప్పట్లో డేనుల కింద ఉన్న తరంగంబాడి నుంచి వెళ్లిన చీమల్ని చూసి. ఈ జాతిలో కూలి చీమలు చిన్నవీ పెద్దవీ ఉంటాయి. పెద్ద వాటికి తల లావుగా, చతురస్రంగా ఉంటుంది. కొత్తవాళ్లు రాణి అనుకుని ఎత్తుకొచ్చేది ఎక్కువసార్లు ఈ లావుతల చీమనే. దాన్ని ట్యూబులో పెడితే గుడ్లు రావు, పుట్టకు దూరమై కొద్దిరోజుల్లో చస్తుంది. కాబట్టి తల చూడకండి, వీపు చూడండి. కూలి చీమకు ఎగిరే కండరాలతో పని లేదు గనుక తలకూ పొట్టకూ మధ్య భాగం సన్నగా ఉంటుంది. రాణికి అక్కడే బలం. రెక్కల్ని ఆడించిన కండరాలు అక్కడ ఉంటాయి కనుక వీపు ఉబ్బి, వెడల్పుగా కనిపిస్తుంది. రెక్కలు విరిగిన చోట రెండు పక్కలా చిన్న మచ్చలుంటాయి. భూతద్దం ఉంటే తల పైన, రెండు పెద్ద కళ్ల మధ్య, మూడు చుక్కల్లా చిన్న కళ్లు కూడా అగుపిస్తాయి. పొట్ట కూడా పెద్దదే. గండుచీమల రాణి సెంటీమీటరున్నరకు అటూ ఇటూ ఉంటుంది.

నడుమును కూడా చూడాలి. నడుము దగ్గర ఒక్కటే కణుపు ఉంటే గండుచీమల వైపు వెతకండి. వాటికి ముల్లు లేదు, కొరికి ఆమ్లం చిమ్ముతాయి. రెండు కణుపులుండి, ఒళ్లు ఎర్రగోధుమ రంగులో ఉంటే అది కుట్టే ఎర్రచీమల బంధువు కావచ్చు. పిల్లల చేతికి ఇచ్చే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. ఏ చీమో పూర్తిగా తెలియకపోయినా, ఏ రోజు, ఏ చోట, వాన తర్వాత ఎంతసేపటికి దొరికిందో రాసిపెట్టి, పైనుంచీ పక్కనుంచీ రెండు ఫొటోలు తీసి ఉంచితే తెలిసినవాళ్లు జాతి చెప్పగలరు.

ఇక్కడొక వింత చెప్పకుండా ఉండలేం. దక్కను నేలల్లో నల్లగా, ఒంటి మీద నిలువు గీతలతో, ఒంటరిగా వేటాడుతూ తిరిగే డయాకమ్మా అనే చీమలున్నాయి. వాటిని చూసినవాడు తప్పకుండా రాణి అనుకుంటాడు. కానీ ఆ జాతుల్లో రాణే ఉండదు. ప్రతి ఆడచీమా వీపు మీద మొగ్గలాంటి రెండు చిన్న అవయవాలతో పుడుతుంది; పుట్టలో ఒక్క చీమ మాత్రం వాటిని నిలుపుకుని, కొత్తగా పుట్టినవాటి మొగ్గల్ని కొరికేస్తుంది. మొగ్గలు పోయినవి కూలి పనికి, మొగ్గలున్నది గుడ్లకు. దీనికి దగ్గరి చుట్టమే గెంతే చీమ, హార్పెగ్నథాస్. దాన్ని 1851లో మద్రాసు పత్రికలో మొదట వర్ణించినవాడు జెర్డాన్ అనే వైద్యుడు. మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేస్తూ పక్షులతో పాటు చీమల్నీ పట్టించుకున్న మనిషి. కలివికోడిని ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తారు. గెంతే చీమల పుట్టలో రాణి చనిపోతే కూలి చీమలు మీసాలతో రోజుల తరబడి పోట్లాడుకుంటాయి. గెలిచిన కొన్ని గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. వాటి మెదడు దాదాపు అయిదో వంతు మేర కుంచించుకుపోతుంది. ఆ హోదా పోయి మళ్లీ పనిలో పడితే మెదడు తిరిగి పెరుగుతుందని 2021లో తేల్చారు. రాణి అనే స్థానం పుట్టుకతో రాసిపెట్టి ఉంటుందని నమ్మే మన ఊహలకు ఈ చిన్న పురుగు ఇచ్చే జవాబు ఎంత గొప్పది!

సరే, నిజమైన రాణే దొరికింది. ఇప్పుడేం చేయాలి? దాదాపు ఏమీ చేయకూడదు. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

బడి ప్రయోగశాలలో వాడే మామూలు టెస్ట్‌ట్యూబ్ చాలు, ఆరంగుళాల పొడవుది. మూడో వంతు నీళ్లు పోసి, దూది ఉండను నీళ్లకు తగిలేదాకా గట్టిగా లోపలికి దించాలి. దూది తడవాలి, నీళ్లు మాత్రం ఇవతలికి కారకూడదు. పొడిగా మిగిలిన భాగంలోకి రాణిని వదిలి, మూతి దగ్గర మరో దూది ఉండ వదులుగా పెట్టాలి, గాలి ఆడేటట్టు. పట్టుకునేటప్పుడు చిమటాలూ వేళ్లూ వద్దు. ట్యూబు మూతిని ఎదురుగా పెడితే చీకటి సందు అనుకుని తనే దూరుతుంది. రెక్కలు ఇంకా ఉంటే లాగకండి. విరుచుకునే సమయం దానికి తెలుసు. రెక్కలు రాలినంత మాత్రాన మగచీమతో కలిసినట్టు రుజువు కూడా కాదు. ఆ తర్వాత ట్యూబుకు కాగితం చుట్టి, అలమారులో ఒక మూల, తలుపు ధనాధన్ పడని చోట, ఫ్రిజ్‌కూ వాషింగ్ మెషిన్‌కూ దూరంగా పడుకోబెట్టాలి. మన జూన్, జూలై ఇళ్లల్లో ఉండే వెచ్చదనం దానికి సరిపోతుంది. ఎండ తగిలే కిటికీ వద్దు. గాజు క్షణాల్లో కాగిపోతుంది.

తిండి? గండుచీమల రాణికి అక్కర్లేదు. వినడానికి క్రూరంగా ఉంటుంది గానీ సంగతి వేరు. ఇక ఎగరనక్కర్లేని రాణి ఒంట్లో ఆ బలమైన కండరాలు మెల్లగా కరిగి, అదే పోషణ అవుతుంది. ఆ పోషణతోనే గుడ్లు పెడుతుంది, పిల్లలకు నోటినుంచి తిండి అందిస్తుంది, తను బతుకుతుంది. వారాల తరబడి మెతుకు ముట్టకుండా తన ఒంటినే ఖర్చుపెట్టి మొదటి బిడ్డల్ని పెంచుతుంది. ఈ సమయంలో జాలిపడి చక్కెర పెడితే బూజు పట్టి మొదటికే మోసం. అన్ని జాతులూ ఇలా ఉండవు. డయాకమ్మా, గెంతే చీమల కుటుంబంలో రాణి ఉన్న చాలా జాతుల్లో ఆ కొత్త రాణులు మధ్య మధ్య బయటికొచ్చి వేటాడి తింటాయి. అలాంటిది దొరికితే అప్పుడప్పుడు చిన్న పురుగు వేయాల్సిందే. జాతి తెలుసుకోమని ముందే ఇంత పట్టుబట్టింది అందుకే.

పది రోజులకోసారి, ఎర్ర కాగితం కప్పిన టార్చి వెలుతురులో, ఒక నిమిషం చూస్తే చాలు. చీమలకు ఎర్ర వెలుగు అంతగా కనిపించదు. ఈ ఆంక్షే పిల్లల చేత పాటింపజేయడం కష్టం. మన ఇళ్లలో బాలింత గదిలోకి చుట్టాలందరూ ఒకేసారి తోసుకురాకుండా పెద్దవాళ్లు గడప దగ్గరే ఆపేవాళ్లు. రాణి ట్యూబుకూ అలాంటి కాపలాదారు ఒకరు కావాలి. మాటిమాటికీ కదిపితే, వెలుతురు వేస్తే, బెదిరిన రాణి తన గుడ్లను తనే తినేస్తుంది. దాన్ని తప్పుపట్టలేం. ప్రమాదం ముంచుకొచ్చిందనుకుని పెట్టుబడిని వెనక్కి తీసుకుంటోంది, అంతే.

మొదటి గుడ్లు చాలా చిన్నవి, తెల్లని చుక్కలు. వానకు ముందు చీమలు బారులు తీరి మోసుకుపోయే బియ్యపు గింజల్లాంటి వాటిని మనం చీమల గుడ్లంటాం గానీ, అవి ఎక్కువగా ప్యూపాలు. గుడ్డు లార్వా అయి, లార్వా తన చుట్టూ పట్టుగూడు అల్లుకుని ప్యూపా అయి, అందులోంచి చీమ రావడానికి మన వేడిలో గండుచీమకు నెల పైచిలుకు పడుతుంది, ఒక్కోసారి రెండు నెలలు. మిరుగానికి పట్టిన రాణికి అన్నీ కలిసొస్తే లష్కర్ బోనాల వేళకో, ఆ తర్వాత కొద్దిరోజులకో మొదటి బిడ్డలు పుడతాయన్న మాట. అవి చాలా చిన్నగా, మామూలు గండుచీమలో సగం ఉండి, పాలిపోయి కనిపిస్తాయి. జబ్బు కాదు. ఉన్న కొద్దిపాటి పోషణతో ఒకట్రెండు పెద్ద చీమల్ని చేయడం కన్నా అయిదారు చిన్నవాటిని చేస్తే పుట్ట నిలుస్తుంది. మొదట పుట్టినవన్నీ రెక్కల మగచీమలే అయితే మాత్రం ఆ రాణి మగచీమతో కలవలేదని అర్థం. చీమల్లో బీజం కలవని గుడ్డు మగది అవుతుంది, కలిసినది ఆడది.

కూలి చీమలు వచ్చాక తిండి మొదలు. అగ్గిపుల్ల చివరకు అంటిన తేనె, చంపిన దోమ ఒకటి, ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన ఆవగింజంత. తిన్నాక మిగిలింది మర్నాడు తీసేయాలి. దోమ అన్నాం గనుక మరో హెచ్చరిక. వానాకాలం రాణి చీమల్నీ దోమల్నీ కలిపే తెస్తుంది. ప్రతి పడకగదిలోనూ కాయిల్ వెలుగుతుంది, ప్లగ్గుకు దోమల మందు సీసా తగిలిస్తారు, సాయంత్రాలు మునిసిపాలిటీ వాళ్లు పొగ కొడతారు. ఆ మందు దోమకు ఎంత విషమో చీమకూ అంతే, దూది మూత దాన్ని ఆపదు. గచ్చు మీద గీసే చీమల సుద్ద కూడా అలాంటిదే. ట్యూబు ఉన్న గదిలో ఇవేవీ ఉండకూడదు. చీమలు బయటికి రాకుండా కాపాడటానికి మన పాత వంటిళ్ల ఉపాయమే ఉంది: భోషాణం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు కదా, ఆ పద్ధతిలో ట్యూబును నీళ్లున్న పళ్లెంలో ఎత్తు మీద పెడితే సరి.

గాజులో పురుగును బతికించి చూడటం ఈ ఊరికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నది సికింద్రాబాదులోనే, బేగంపేటలోని ఒక చిన్న భవనంలో. అయిదేళ్లకు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పుడు ఆయన పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది. సూక్ష్మదర్శిని కింద ఆ క్షణం గురించి అందరూ చెబుతారు. దానికి ముందు జరిగిన పని గురించి తక్కువ మంది చెబుతారు. దోమ పిల్లల్ని నీళ్లలో పెంచాలి. రెక్కలొచ్చాక హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనివ్వాలి, దోమకో అణా చొప్పున అతనికి ఇవ్వాలి. కుట్టిన దోమను, ఆ ఆగస్టు ఉక్కలో, రోజుల తరబడి చావకుండా కాపాడాలి. ఒక్కరోజు ముందు చచ్చినా చూడాల్సింది కనిపించదు. అంత పెద్ద ఆవిష్కరణకు ఆధారం ఒక నలుసంత ప్రాణిని బతికించగలిగిన ఓపిక. ఆ చోటు ముందునుంచి రోజూ వెళ్లే మన పిల్లలకు ఈ సగం కథ కూడా చెప్పాలి. అణా తీసుకుని చెయ్యి చాచిన హుసేన్ ఖాన్ పేరు కూడా.

ఈ ఓపికకు ఇంకో పక్కా ఉంది. 2025 ఏప్రిల్‌లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు పట్టుబడ్డారు. వాళ్ల గదిలో రెండు వేలకు పైగా చిన్న గొట్టాలు, వాటిలో దూది, ఒక్కోదాంట్లో రాణి చీమలు, మొత్తం అయిదు వేల దాకా. యూరప్, ఆసియాల్లో చీమలు పెంచే సరదా ఉన్నవాళ్లకు అమ్మడానికి. కోర్టు వాళ్లకు పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా వేసింది. మనం చెప్పుకున్న దూదీ గొట్టమే, మనం చెప్పుకున్న ఓపికే దొంగ వ్యాపారానికి కూడా పనికొచ్చింది. కనుక రాణిని కొనకూడదు, అమ్మకూడదు, ఇంకో ఊరికి పార్సిల్ పంపకూడదు. మన దేశపు జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం విదేశీయులు ఇక్కడి జీవుల్ని అనుమతి లేకుండా తీసుకుపోవడం చట్టవిరుద్ధం కూడా. చట్టం ఒక్కటే కారణం కాదు. తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై కొండల చుట్టుపక్కల పల్లెల్ని 2022లో పసుపు పిచ్చి చీమలు ముంచెత్తాయి. పశువులనూ మనుషులనూ నిలవనీయలేదు. చీమ చిన్నదే, తనది కాని చోట పడితే దాన్ని వెనక్కి రప్పించడం మాత్రం ఎవరి తరమూ కాదు.

పెంచాలనుకునేవాళ్లు వయసు లెక్క కూడా వేసుకోవాలి. ఇంగ్లండులో జాన్ లబ్బాక్ అనే పండితుడు గాజు పలకల మధ్య ఉంచిన ఒక రాణి చీమ దాదాపు 15 ఏళ్లు బతికి 1888లో చనిపోయింది. జర్మనీలో ఒక నల్ల తోటచీమ రాణి 28 ఏళ్లు దాటి బతికింది. అందరు రాణులూ అన్నేళ్లు బతకవు గానీ, గండుచీమల పుట్ట ఏళ్ల తరబడి నడుస్తుంది, వేలలోకి పెరుగుతుంది. పదో తరగతి పిల్లవాడు ఉత్సాహంగా పట్టిన రాణి అతను ఇంజినీరింగుకు వేరే ఊరు వెళ్లేనాటికీ అలమారులోనే ఉంటుంది. మొదటి వేసవే పరీక్ష. మన ఏప్రిల్, మే ఎండల్లో ట్యూబులో నీళ్లు అనుకున్నదానికన్నా త్వరగా ఎండిపోతాయి. అప్పుడు నీళ్లున్న మరో ట్యూబును మూతికి మూతి కలిపి పెడితే చీమలు తమంతట తామే పిల్లల్ని ఎత్తుకుని అందులోకి మారతాయి. సెలవులకు ఊరెళ్లేటప్పుడు పక్కింటివాళ్లకు కుండీల మొక్కలతో పాటు ఈ బాధ్యతా అప్పగించాలి. అంత చేయలేం అనుకున్న ఇంట్లో ఉత్తమమైన పని, మొదటి కూలి చీమలు పుట్టేదాకా చూసి, రాణిని పట్టిన కాంపౌండులోనే, ఏదైనా చెట్టు మొదట్లో తడి మట్టి పక్కన, సాయంత్రం పూట ట్యూబు తెరిచి పెట్టడం. నెలన్నర చూసినా గుడ్ల జాడ లేకపోతే కూడా అంతే చేయాలి. ఇంకోచోట మాత్రం వదలొద్దు.

బడులకు ఒక సూచన. జూన్‌లో బడులు తెరిచే రోజులూ చీమలు ఎగిరే రోజులూ దాదాపు కలిసే వస్తాయి. తరగతికి ఒక్క ట్యూబు చాలు. ఒక్కొక్కరూ ఒక్కో రాణిని పట్టాల్సిన పని లేదు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, వాన పడ్డ తేదీ, రెక్కల చీమలు కనిపించిన తేదీ, వేళ, మొదటి గుడ్డు, మొదటి పట్టుగూడు, మొదటి కూలి చీమ, ఇవి రాయిస్తే చాలు. నాలుగైదేళ్ల పుస్తకాలు ఒకచోట పెడితే మన ఊరి వాన ఎలా మారుతోందో చీమల వైపునుంచి చదవొచ్చు. పరీక్షలో మార్కులు పెట్టకపోతే ఇంకా మంచిది.

చివరికి నేల సంగతి. ఈ ఏడాది పుట్ట పెట్టిన రాణి కొన్నేళ్లు కూలి చీమల్నే కంటుంది. పుట్ట బలపడ్డాకే రెక్కల బిడ్డలు పుడతాయి. అంటే ఒక మిరుగానికి దిగిన రాణి సంతానం మరో మిరుగానికి ఎగరాలంటే, ఆ మధ్యలో ఆ జానెడు మట్టిని ఎవరూ తవ్వకుండా, కప్పకుండా, మందు పోయకుండా ఉండాలి. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఇంకా అలాంటి మట్టి ఉంది. దాని బయట, పాత బంగళాలు అపార్ట్‌మెంట్లు అవుతున్న వీధుల్లో, గేటు నుంచి ప్రహరీ దాకా పేవర్ బ్లాకులే. చెట్టు ఉంచినా దాని మొదలు చుట్టూ సిమెంటు పోసి గొంతు నొక్కుతున్నారు. అపార్ట్‌మెంటు సంఘాలను అడగాల్సింది పెద్ద కోరిక కాదు: ప్రతి చెట్టు చుట్టూ మూడడుగుల మట్టి వదలండి, దాని మీద పురుగుమందు కొట్టించకండి, గచ్చు పనులు ఉంటే మిరుగానికి ముందే ముగించుకోండి, లేదా దసరా దాకా ఆగండి.